శుక్రవారం నింపిన ట్యాంకులు

శుక్రవారం మధ్యాహ్నం, ఇళ్లను వెచ్చబెట్టే నూనె అమ్మే కంపెనీ యజమాని రోసేర్ వియొలెట్ తన ఆఫీసు గదిలోకి వచ్చి, బూట్లకంటిన మంచు కూడా దులుపుకోకుండా కిటికీ దగ్గర నిలబడ్డాడు. కిటికీలోంచి పెరట్లోని రెండు పెద్ద ట్యాంకులు కనిపిస్తాయి. ఎడమవైపుది బయోడీజిల్ కలిపిన నూనెది. కుడివైపుది కిరసనాయిలుది. కిరసనాయిలు పొద్దున్నే అడుక్కి వచ్చేసింది. రావలసిన లారీ రేవు దగ్గరే ఆగిపోయిందనీ, సోమవారానికి గానీ రాదనీ కబురొచ్చింది.

"ఇవాళ బయట ట్యాంకులవాళ్లు ఎవరెవరున్నారు?" అని అడిగాడు.

యివెట్ సిర్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని పేర్లు చెప్పింది. ఆమె ఏళ్ల తరబడి ఆ ఫోన్ల ముందు కూర్చున్న మనిషి. ఎవరి ఇంట్లో ట్యాంకు నేలమాళిగలో వెచ్చగా ఉందో, ఎవరి ఇంటి వెనక మంచులో ఒంటరిగా నిలబడి ఉందో ఆమెకు నోటికొచ్చు. నేలమాళిగ ఉన్నవాళ్లకు బయో పోస్తారు. రేకుల ఇళ్లవాళ్లకు నేలమాళిగ ఉండదు గనక, ఎంత చలికీ పేరుకోని కిరసనాయిలు పోస్తారు. అది ఎప్పుడూ ఉన్న పద్ధతే.

రోసేర్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "చలి పెద్దగా లేదు. వారమంతా ఇలాగే ఉంటుందంటున్నారు. పేరుకోకుండా కలిపే మందు కాస్త ఎక్కువ వేసి, వాళ్లకీ బయోనే పొయ్యమను."

ఆమె తల తిప్పి అతని వైపు చూసింది.

"అలా చూడకు యివెట్. శని ఆదివారాలు ఖాళీ ట్యాంకులతో కూర్చోమందామా వాళ్లని?"

అందులోనూ న్యాయం ఉంది. రోసేర్ ఆమెకు పెదనాన్న కొడుకు. ఎవరినీ కావాలని ఇబ్బంది పెట్టే మనిషి కాడు. ఆమె వైర్‌లెస్ మీట నొక్కి ఫెర్నాండ్‌ని పిలిచింది.

ట్యాంకరు నడిపే ఫెర్నాండ్ మార్టిన్ అప్పుడే లియోనా సూసీ ఇంటి ముందు బండి ఆపాడు. "టాంట్, లియోనాది బయట ట్యాంకు కదా. బండిలో కిరసనాయిలు చుక్క లేదు," అన్నాడు. ఆ లోయలో వయసులో పెద్దయిన ఆడవాళ్లందరినీ పిన్ని వరస పెట్టి టాంట్ అనే పిలుస్తారు.

"తెలుసు. ఉన్నదే పొయ్యి. మందు కలుపు."

ఫెర్నాండ్ దిగి ట్యాంకు చూసి వచ్చి మళ్లీ పిలిచాడు.

"ఈమె ట్యాంకు దాదాపు ఖాళీగా ఉంది టాంట్. అంతా బయోనే అవుతుంది."

"పొయ్యి ఫెర్నాండ్."

"సరే. మీరు చెప్పారు కదా."

రోసేర్ చెప్పాడని ఆమె అనలేదు. అనవలసిన అవసరం ఉందని ఆమెకు తోచలేదు.

ఆదివారం చర్చిలో ప్రార్థన జరుగుతుండగా గాలి ఉత్తరానికి తిరిగింది. బయటికొచ్చిన జనం మెట్ల మీద నిలబడి మాట్లాడుకోకుండా నేరుగా కార్లలోకి పరుగెత్తారు. సోమవారం తెల్లవారేసరికి నది మీది మంచు తుపాకి పేలినట్టు పగులుతోంది. సున్నాకు చాలా దిగువన ఉంది చలి. ముక్కులో వెంట్రుకలు గడ్డకడుతున్నాయి.

ఆఫీసులో మాత్రం వెచ్చగా, ఎప్పటిలాగే వేపుడు వాసన. ఆ వాసనకు యివెట్ అలవాటు పడిపోయింది. బంగాళాదుంపలు వేయించే ఫ్యాక్టరీల నుంచి వాడేసిన నూనె తెచ్చి, వెనక షెడ్డులో కాచి, కడిగి, ఆరబెట్టి రోసేర్ చేసిన బయో అది. మొదట్లో అందరూ నవ్వారు. రోసేర్ నూనెతో ఇల్లు వెచ్చబెట్టుకుంటే కుక్క ఫర్నేసు చుట్టూ తిరుగుతూ తిండి పెట్టమంటుందన్నారు. ఇప్పుడు బడి, చర్చి, వృద్ధాశ్రమం, లోయలో సగం ఇళ్లు దాంతోనే వెచ్చబడుతున్నాయి. మన పొలాల్లో పండిన దుంపల్ని వేయించిన నూనె మన ఇళ్లనే వెచ్చబెడుతోందని రోసేర్ ఎక్కడ మైకు దొరికినా చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా యివెట్‌కి గర్వంగానే ఉండేది. మొదటిసారి ఆ నూనె బర్నర్‌లో అంటుకున్న రోజు షెడ్డులో రోసేర్ పక్కన నిలబడి ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

లియోనా పొద్దున్నే ఫోన్ చేసింది. ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి ఆగిపోయిందని చెప్పింది. ఏదో ఫిర్యాదులా కాకుండా, ఊళ్లో కబురు చెప్పినట్టు చెప్పింది.

ఇలాంటి ఫోన్లొస్తే ఏం చెప్పాలో రోసేర్ అప్పటికే చెప్పేసి వెళ్లాడు. ఫిల్టర్ పాతదై ఉంటుంది, మెకానిక్ జెరార్డ్ వచ్చి చూస్తాడు. యివెట్ ఆ మాటే చెప్పింది. ఈలోగా వెంట్రుకలు ఆరబెట్టుకునే మిషను ఉంటే ట్యాంకు దగ్గరి గొట్టానికి కాసేపు వేడి తగలనివ్వమంది.

"నా నెత్తినున్న నాలుగు పోగులకి అదెందుకని ఎప్పుడో ఇచ్చేశాను పిల్లా," అంది లియోనా.

ఇద్దరూ నవ్వుకున్నారు. పక్కింటికి వెళ్లి కూర్చోమని యివెట్ బతిమాలింది. పిల్లిని వదిలి రాననీ, పక్కింట్లో కుక్క ఉందనీ, నాలుగు కోట్లు వేసుకున్నాననీ, దుంపల గోదాముల్లో ఇంతకంటే చలిలో పనిచేశాననీ లియోనా చెప్పింది. సాయంత్రంలోగా జెరార్డ్ వస్తాడని యివెట్ మాటిచ్చింది.

బర్నర్లు బాగుచేసే మనిషి వాళ్లకు జెరార్డ్ ఒక్కడే. ఆ రోజంతా లోయ ఆ చివర వృద్ధాశ్రమంలో చెడిపోయిన బాయిలర్ ముందు మోకాళ్ల మీదే ఉన్నాడు. తిరిగి రాబోతే గాలికి మంచు దిబ్బలై రోడ్డు మూసుకుపోయింది. ఇంటికి బయల్దేరేముందు యివెట్ లియోనాకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పక్కింటికి వెళ్లి ఉంటుంది, మంచి పని చేసింది అనుకుంది. అనుకుని, టోపీ చెవుల మీదికి లాక్కుని కారెక్కింది.

మంగళవారం పొద్దున పక్కింటాయన తలుపు తోసి చూసేసరికి లియోనా వంటింటి నేల మీద పడి ఉంది. సింకు కింద నీళ్ల గొట్టం పగిలి నీళ్లన్నీ నేల మీద గడ్డకట్టాయి. ఆ మంచు మీద కాలు జారి తుంటి విరిగింది. చేతికందిన కార్పెట్‌ని లాగి మీద కప్పుకుంది. పిల్లి ఆ కార్పెట్‌లోకి దూరి ఆమె మెడ దగ్గరే పడుకుందట. అందుకే బతికిందని ఆసుపత్రివాళ్లు అన్నారో, జనమే అనుకున్నారో తెలియదు. కాలివేళ్లు రెండు నల్లబడ్డాయి.

జెరార్డ్ ఆ ఇంటి ట్యాంకు మూత తీసి చూసి ఆఫీసుకొచ్చాడు. లోపల నూనె చల్లారిన పులుసు మీద పేరుకున్న కొవ్వులా ఉందని చెప్పి షెడ్డులోకి వెళ్లిపోయాడు.

ఫెర్నాండ్ తనంతట తనే వచ్చాడు. తలుపు దగ్గర నిలబడి టోపీ చేతిలో పట్టుకున్నాడు. రోసేర్ బల్ల వెనక కూర్చున్నాడు. యివెట్ తన కుర్చీలో ఉంది.

"కిరసనాయిలు లేకపోతే బండి వెనక్కి తేవాలి. ఉన్నది పోసి చేతులు దులుపుకుంటావా?" అన్నాడు రోసేర్. గొంతు పెంచలేదు. ముఖం మాత్రం సున్నం కొట్టినట్టుంది.

"ఆఫీసు పొయ్యమంది," అన్నాడు ఫెర్నాండ్.

"ఆఫీసంటే ఎవరు?"

ఫెర్నాండ్ ఎవరి పేరూ చెప్పలేదు. యివెట్ వైపు చూశాడు. ఆ చూపులో నింద లేదు. బండి వెనక్కి తీస్తున్నప్పుడు దారి ఖాళీగా ఉందా అని పక్కవాళ్లను అడిగే చూపు అది.

ఫోన్ మోగింది. యివెట్ ఫోన్ తీసింది.

వృద్ధాశ్రమంవాళ్లు బాయిలర్ బాగానే నడుస్తోందని చెప్పడానికి చేశారు. ఆమె ఆ మాటను రెండుసార్లు చెప్పించుకుంది. ఫోన్ పెట్టేసరికి ట్యాంకరు తాళాలు బల్ల మీద ఉన్నాయి. ఫెర్నాండ్ లేడు.

రోసేర్ ఆ తాళాలను బల్ల అంచుకి జరిపాడు. తర్వాత కుర్చీ ఆమె దగ్గరికి లాక్కుని, నచ్చజెప్పే గొంతుతో మాట్లాడాడు. లియోనా ఆసుపత్రి ఖర్చంతా తనదేనన్నాడు. ఇల్లు బాగుచేయిస్తానన్నాడు. కానీ నూనెదే తప్పని బయటికి పొక్కితే రేపు బడివాళ్లు, ఎల్లుండి చర్చివాళ్లు వద్దంటారు. ఇన్నేళ్ల పని మంచులో కలిసిపోతుంది.

"నూనె తప్పంటే అందరి ఇళ్లలోనూ తప్పే. మనిషి తప్పంటే ఒక్క ఇంట్లోనే, ఒక్కరోజే. శుక్రవారం మిగతావాళ్లకీ పోశాడుగా, వాళ్ల పొయ్యిలు ఆగలేదుగా? ఫెర్నాండ్‌ని నేను వదిలేయను. చలికాలం పోగానే మళ్లీ పిలుస్తాను."

"నేనేం చెప్పాలి?" అంది యివెట్.

"అబద్ధం చెప్పొద్దు. ఎవరైనా అడిగితే ఆ రోజు వైర్‌లెస్‌లో ఏమన్నావో సరిగ్గా గుర్తులేదను. అంతే."

మిగతా పొయ్యిలు ఎందుకు ఆగలేదో ఆమెకు తెలుసు. ఆ ట్యాంకుల్లో అప్పటికే సగం దాకా పాత కిరసనాయిలుంది. అది ఇంకా కాపాడుతోంది. రోసేర్‌కీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

బుధవారం కూరగాయల కొట్టులో లైనులో నిలబడితే ఆమె ముందున్న ఇద్దరూ ఫెర్నాండ్ గురించే మాట్లాడుకున్నారు. తాగి ఉన్నాడని ఒకాయన, తాగడు గానీ మొదటినుంచీ మొండివాడని ఇంకొకాయన. డబ్బాలు అందించే పిల్ల, పాపం లియోనా అంది. యివెట్ సంచిలో సరుకులు తప్పుగా సర్దుకుంది. ఇంటికొచ్చి చూస్తే గుడ్లు పగిలిపోయి ఉన్నాయి. ఆ రాత్రి భోజనానికి గోధుమపిండితో అట్లు పోసింది. ఒక్కటీ సరిగ్గా రాలేదు. నేలమాళిగలో బర్నర్ అంటుకున్న చప్పుడైంది. గోడ కిందినుంచి వెచ్చటి గాలి, దాంతో ఆ వేపుడు వాసన వచ్చింది. ఆమె లేచి కిటికీ కొద్దిగా తెరిచింది. చలికి తాళలేక మళ్లీ మూసేసింది.

ఆమె పేరు ఫెర్నాండ్ బయటపెట్టకపోవడమే ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. చెప్పి ఉంటే తను కాదనేదేమో. రోసేర్ ఎలాగూ కాదంటాడు. అప్పుడు మిగిలేది తన గొంతే. లోయలో సగంమంది ఇళ్లలో వైర్‌లెస్ పట్టే రేడియోలు పెట్టుకుని ట్యాంకర్ల మాటలు, పోలీసుల మాటలు వింటూ ఉంటారు. శుక్రవారం 'పొయ్యి ఫెర్నాండ్' అన్న మాట ఎవరైనా విని ఉంటే ఆ గొంతు ఎవరిదో గుర్తుపడతారు. ఆ సంగతి ఆమెకు ఇంతకుముందే తట్టింది. తట్టినందుకే నోరు మరింత బిగుసుకుంది.

గురువారం పొద్దున కోడి పులుసు ఫ్లాస్కులో పోసుకుని ఆసుపత్రికి వెళ్లింది. లియోనా మంచం మీద చిన్నపిల్లలా కనిపించింది. పాదాలు తెల్లటి కట్లలో ఉన్నాయి. పులుసు రెండు చెంచాలు తాగి, ఉప్పు తక్కువైందని చెప్పింది. పిల్లికి ఎవరు తిండి పెడుతున్నారని అడిగింది. పక్కింటాయనేనని తెలిసి, కుక్క ఉన్న ఇంట్లో అది ఎలా తింటుందని చాలాసేపు బాధపడింది.

తర్వాత దుప్పటి అంచు వేళ్లకు చుట్టుకుంటూ అడిగింది. "నా ఫిల్టర్ నిజంగా పాతదేనా పిల్లా?"

యివెట్ చెంచా తుడుస్తోంది.

"నేల మీద పడి ఉన్నప్పుడు రాత్రంతా అదే ఆలోచించాను. ఆకురాలు కాలంలో జెరార్డ్ వచ్చి మారుస్తానంటే, తర్వాత చూద్దాంలే అని పంపేశానేమో అనుకున్నాను. మార్చినట్టే గుర్తు, మార్చనట్టూ గుర్తు. ఈ ముసలి బుర్రని నమ్మడానికి లేదు. ఒక్క ఫిల్టర్ దగ్గర బద్ధకించి నా చావు నేనే తెచ్చుకున్నానని నన్ను నేనే తిట్టుకున్నాను. ఎంత తిట్టుకున్నానో తెలుసా?"

ఆ గదిలో ఇంకో మంచం మీద ఎవరో దగ్గుతున్నారు. యివెట్ చెంచాను ఫ్లాస్కు మూత మీద పెట్టింది. అది జారి కింద పడింది. ఆమె వంగి తీయలేదు.

"ఫిల్టర్ కొత్తదే టాంట్. మారుస్తుండగా మీరు జెరార్డ్‌కి కాఫీ ఇచ్చారట, వాడే చెప్పాడు. మీరేమీ చేయలేదు."

"మరి ఫెర్నాండా? ఇక్కడ నర్సులు కూడా వాడి పేరే చెబుతున్నారు."

"కాదు. రోసేర్ పొయ్యమన్నాడు. నేను ఫెర్నాండ్‌కి చెప్పాను. వాడు రెండుసార్లు వద్దేమో అన్నట్టు అడిగాడు. నేనే పొయ్యమన్నాను."

లియోనా కోప్పడుతుందనుకుంది. ఏడుస్తుందేమో అనుకుంది. లియోనా వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది.

"అయితే ఆ శుక్రవారం ఇంకెవరెవరికి పోశారు?" అంది.

యివెట్ కింద పడ్డ చెంచా కోసం వంగింది.

"గుట్ట మీది డుమాండ్ కుర్ర జంటకీ పోశారా? పసిబిడ్డ ఉంది వాళ్లకి."

తిరిగొస్తుంటే కారు రేడియోలో చలి గురించే చెబుతున్నారు. చీకటి పడ్డాక సోమవారం కంటే ఎక్కువగా పడిపోతుందనీ, గాలి కూడా తోడవుతుందనీ, ముసలివాళ్లనూ పిల్లలనూ జాగ్రత్తగా చూసుకోమనీ చెప్పారు.

రోసేర్ పెరట్లో ఉన్నాడు. కిరసనాయిలు లారీ సోమవారమే వచ్చి, కుడివైపు ట్యాంకు నిండుగా ఉంది. ఆ శుక్రవారపు ఇళ్లన్నిటికీ ఇప్పుడే వెళ్లి కిరసనాయిలు కలపాలని ఆమె చెప్పింది. పేరుకున్నాక పోస్తే లాభం లేదు, ఇంకా పలచగా ఉన్నప్పుడే పోయాలి.

అతను తల అడ్డంగా ఊపాడు. ఇల్లిల్లూ తిరిగి పోస్తే జనం ఎందుకని అడగరా? మందు వేశాం, నూనె తట్టుకుంటుంది. సోమవారం చలికి తట్టుకోలేదా?

"తట్టుకోకపోతే?"

"తట్టుకుంటుందని చెప్పాను కదా."

"ఆ మాట చెప్పేటప్పుడు నువ్వు నా ముఖం చూడటం లేదు రోసేర్."

అతను షెడ్డు వైపు నడిచాడు. ఆమె లోపలికి వెళ్లి, కోటు కూడా విప్పకుండా కూర్చుని ఫోన్ తీసింది.

మొదటి ఇంటికి చేసింది. శుక్రవారం మీ ట్యాంకులో కిరసనాయిలుకి బదులు బయో పోశాం, ఈ చలికి అది పేరుకుపోవచ్చు, కిరసనాయిలు తెచ్చి కలుపుతాం, ఈలోగా గొట్టం దగ్గర దీపం గానీ హీటర్ గానీ పెట్టండి అని చెప్పింది. తప్పు మాది, ఫెర్నాండ్‌ది కాదు అని చివర్న కలిపింది. రెండో ఇంటికీ అదే చెప్పింది. ఒకాయన బండబూతులు తిట్టి, తిట్టడం అయ్యాక ఎప్పటికొస్తారని అడిగాడు. ఒకామె, మా ఫర్నేసు నిన్నటినుంచీ దగ్గుతూనే ఉంది, నేనే ఏదో పాడుచేశానని మా ఆయన నన్ను సాధిస్తున్నాడు అంది. ఆ మాట కాస్త ఆయనకి కూడా చెప్పండి అని ఫోన్ భర్త చేతికిచ్చింది. యివెట్ మళ్లీ మొదటినుంచీ చెప్పింది.

తల ఎత్తేసరికి రోసేర్ గుమ్మంలో ఉన్నాడు. ఎప్పట్నుంచి నిలబడ్డాడో తెలియదు. ఫోన్ లాక్కుంటాడనుకుని ఆమె దాన్ని గుండెకి ఆనించుకుంది.

"నన్ను ముంచేశావు," అన్నాడు.

"ఇంకా మూడిళ్లు ఉన్నాయి," అంది ఆమె.

రోసేర్ బల్ల మీద మంగళవారం నుంచీ అక్కడే పడి ఉన్న తాళాల వైపు చూశాడు. రెండో ట్యాంకరు దక్షిణం వైపు తిరుగుతోంది. ఇంకో డ్రైవరు లేడు. అతను తాళాలు తీసుకుని బయటికి వెళ్లాడు. కాసేపటికి కిరసనాయిలు నింపుకుంటున్న పంపు చప్పుడు, ఆ తర్వాత గేరు పడక కీచుమంటూ బండి కదిలిన చప్పుడు వినిపించాయి. అతను ట్యాంకరు నడిపి ఎన్నేళ్లయిందో.

డుమాండ్ వాళ్లు మాత్రం ఫోన్ తీయలేదు. మళ్లీ మళ్లీ చేసింది. సోమవారం లియోనా ఇంట్లో మోగిన ఫోన్ గుర్తొచ్చి ఆమెకు కూర్చోబుద్ధి కాలేదు. గుట్ట మీది ఆ ఇంటి దగ్గర మంచు కింద ట్యాంకు సరిగ్గా ఎక్కడుందో ఫెర్నాండ్‌కే తెలుసు. ఆమె కారు తీసుకుని అతని ఇంటికి వెళ్లింది.

ఫెర్నాండ్ భార్య కోలెట్ తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు, వద్దనీ అనలేదు. పక్కకు జరిగింది. ఫెర్నాండ్ వంటింటి బల్ల మీద ఏదో మోటారు భాగాలు విప్పి గుడ్డతో తుడుస్తున్నాడు.

యివెట్ నిలబడే ఉంది. అందరికీ ఫోన్లు చేశాననీ, నీ తప్పు కాదని ప్రతి ఇంటికీ చెప్పాననీ అంది.

"విన్నాం," అన్నాడు తలెత్తకుండా. "ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారు. నిన్నటిదాకా ఈ ఇంటికి ఒక్క ఫోన్ రాలేదు. కోలెట్ చర్చి వంటకి వెళ్తే పక్కన నిలబడ్డానికి ఎవరూ రాలేదు."

"నేను మంగళవారమే చెప్పాల్సింది."

"మంగళవారం ఫోన్ మోగింది, మీరు తీశారు టాంట్. అది మోగకుండా ఉంటే మీరేం చెప్పేవారో అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. మీరే చెప్పండి."

అబద్ధం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. కోలెట్ పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి నిలబడి ఉంది. గరిటె కదలడం ఆగిపోయింది.

"ఏమీ చెప్పేదాన్ని కాదు," అంది యివెట్.

ఫెర్నాండ్ మొదటిసారి తలెత్తి చూశాడు. చేతిలో ఇనప ముక్కను జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టాడు.

"బండి ఎవరు నడుపుతున్నారు?"

"రోసేర్."

"డుమాండ్ ఇంటికి వెళ్లాడా?"

"వెళ్తాడు. వాళ్లు ఫోన్ తీయడం లేదు."

"ఆ పిల్ల బిడ్డని పడుకోబెట్టి ఫోన్ మోగకుండా చేసేస్తుంది. ట్యాంకు ఇంటి వెనకవైపు పల్లంలో ఉంది. కప్పు మీది మంచు అంతా దాని మీదే పడుతుంది. ఆయనకి ట్యాంకు మూత కూడా దొరకదు." లేచి బూట్ల కోసం వెళ్లాడు. కోలెట్ ఏదో అనబోయింది. "నేను వెళ్లేది ఆయన కోసం కాదు," అన్నాడు ఆమెతో. ఆ మాట తనకు కూడా వర్తిస్తుందని యివెట్‌కి అర్థమైంది.

వాళ్లిద్దరూ అతని బండిలో గుట్ట ఎక్కేసరికి ట్యాంకరు దీపాలు వెలుగుతున్నాయి. రోసేర్ ఆ ఇంటి వెనక నడుం లోతు మంచులో నిలబడి పార కర్రతో అక్కడా ఇక్కడా పొడుస్తున్నాడు. కనుబొమ్మలు తెల్లగా గడ్డకట్టాయి. ఫెర్నాండ్ ఆయన చేతిలోంచి పార తీసుకుని, నాలుగడుగులు పక్కకు వెళ్లి తవ్వడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి ఇనుము తగిలిన చప్పుడైంది. రోసేర్ గొట్టం లాక్కొచ్చి అందించాడు. ఫెర్నాండ్ దాన్ని బిగించి మీట తిప్పాడు.

కిరసనాయిలు లోపలికి వెళ్తున్నంతసేపూ గాలి బయటికి పోయే గొట్టం సన్నగా ఈల వేస్తుంది. ఈల ఆగితే ట్యాంకు నిండినట్టు. ముగ్గురూ ఆ ఈల వింటూ నిలబడ్డారు. కిటికీలో డుమాండ్ అమ్మాయి బిడ్డని భుజాన వేసుకుని, ఏమైందో తెలియక బయటికి చూస్తోంది. యివెట్ ఆమెకు చెయ్యి ఊపింది.

ఈల ఆగింది. ఫెర్నాండ్ గొట్టం విప్పి చుట్టాడు.

"రేపు పొద్దున్నే రా ఫెర్నాండ్," అన్నాడు రోసేర్.

"రాను."

"చలికాలం..."

"నదికి దిగువన ఉన్న ఊరి కంపెనీ వాళ్లతో మాట్లాడాను. సోమవారం నుంచి అక్కడికి." చేతి తొడుగులు దులుపుకుని తన బండి దగ్గరికి నడిచాడు. బండి గుట్ట దిగి వాళ్ల ఇంటి వైపే తిరిగింది. దాని వెనక ఎర్ర దీపాలు చెట్ల మధ్య మలుపు తిరిగేదాకా రోసేర్ అలాగే నిలబడ్డాడు.

మిగిలిన ఇళ్లు చూపించడానికి యివెట్ ట్యాంకరెక్కి అతని పక్కన కూర్చుంది. గేరు మార్చిన ప్రతిసారీ బండి ఎగిరి పడుతోంది.

తర్వాతి ఇల్లు ఆల్డెరిక్ పాకెట్‌ది. ఫోన్లో ఎక్కువ తిట్టిన మనిషి ఆయనే. బండి చప్పుడుకి తలుపు తీసుకుని, పడుకునే బట్టల మీదే గుమ్మంలోకి వచ్చాడు. అతని వెనకనుంచి వెచ్చటి గాలి ఆవిరిలా బయటికి పోతోంది. ట్యాంకరు దిగుతున్న రోసేర్‌ని చూసి కళ్లు చికిలించాడు.

"నువ్వా? ఫెర్నాండ్ ఏడీ?"

ఆఫీసు తరఫున జవాబు చెప్పడం యివెట్‌కి అలవాటు. ఎప్పటిలాగే నోరు తెరిచింది.

"నేనే పంపేశాను," అన్నాడు రోసేర్. గాలికి మాట కొట్టుకుపోయిందేమో అని ఇంకో అడుగు ముందుకు వేసి మళ్లీ చెప్పాడు. "శుక్రవారం నీ ట్యాంకులో అది పొయ్యమన్నది నేను. వాడు వద్దన్నాడు. తప్పు వాడి మీద తోసి వాణ్ని పంపేశాను."

ఆల్డెరిక్ ఒక మెట్టు దిగాడు. తిట్టడానికి మాటలు వెతుక్కుంటున్నాడనుకుంది యివెట్.

"లియోనాకి చెప్పావా ఈ మాట?"

"ఇంకా లేదు."

"అయితే ముందు కిరసనాయిలు పొయ్యి. తలుపు తీసి ఉంటే వేడంతా పోతోంది," అని ఆల్డెరిక్ లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

రోసేర్ మోకాళ్లు మంచులో ఆనించి ట్యాంకు మూత తిప్పడం మొదలుపెట్టాడు. మూత గడ్డకట్టుకుపోయి రాలేదు. యివెట్ దిగి వెళ్లి, తన రెండు చేతులూ అతని చేతుల మీద వేసి తిప్పింది.